ఇంగ్లీష్ పేపర్‌లో సెమికోలన్: తెలుగు మీడియం వాళ్ల కోసం

గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీష్ పేపర్ క్వాలిఫైయింగే కదా అని చాలామంది దాన్ని చివరి వారానికి వదిలేస్తారు. ఆ మార్కులు ర్యాంకుకు కలవవు, నిజమే. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా ప్రయోజనం ఉండదు.

తిరుపతిలో బైరాగిపట్టెడ వైపు రూములు తీసుకుని చదివేవాళ్లలో నాలాగా డిగ్రీ దాకా తెలుగు మీడియం వాళ్లు బాగానే ఉంటారు. మా రూములో ఒకరి ఎస్సే ఇంకొకరం దిద్దేవాళ్లం. స్పెల్లింగ్ తప్పులు ఎవరివి వాళ్లవే. ఒక్క తప్పు మాత్రం ఎవరి పేపర్ తీసినా ఉండేది: వాక్యం అయిపోయిన చోట కామా పెట్టి, ఇంకో వాక్యం ఎత్తుకోవడం.

అది మన భాష అలవాటేనని నా అభిప్రాయం. ‘వానలు పడక, చెరువులు ఎండి, బోర్లు అడుగంటి, రైతులు బెంగళూరుకు వలస పోయారు’ అంటాం. క్రియ చివర్లోనే పూర్తవుతుంది, మధ్యలో కామాలు చాలు. అదే ఊపులో ఇంగ్లీష్‌లో ‘ద రెయిన్స్ ఫెయిల్డ్, ద ట్యాంక్స్ వెంట్ డ్రై’ అని రాస్తే కుదరదు. అవి రెండూ పూర్తి వాక్యాలు. కామాకు వాటిని కలిపే బలం లేదు. దీన్నే కామా స్ప్లైస్ అంటారు. ఫుల్‌స్టాప్ పెడితే తప్పు పోతుంది కానీ, పేజీ అంతా అలాగే రాస్తే ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వాన పడకపోవడానికీ చెరువు ఎండడానికీ ఉన్న సంబంధం తెగకూడదంటే అక్కడ సెమికోలన్ (;) పెట్టాలి.

సరిగ్గా పెట్టామా అని చూసుకోవడం సులువు. గుర్తుకు ఎడమవైపు చేత్తో మూసి కుడివైపు చదవండి, తర్వాత అటు మూసి ఇటు చదవండి. రెండూ విడివిడిగా నిలబడాలి. ‘బికాజ్’, ‘ఆల్దో’తో మొదలయ్యే ముక్క ఒంటరిగా నిలబడదు, దాని ముందు వద్దు. ‘హౌఎవర్’, ‘దేర్‌ఫోర్’ రెండు పూర్తి వాక్యాల మధ్య వస్తే మాత్రం ముందు సెమికోలన్, తర్వాత కామా. మనవాళ్లు ‘హౌఎవర్’కు రెండు పక్కలా కామాలే పెట్టేస్తుంటారు, అక్కడ జాగ్రత్త.

రెండో వాడకం, లోపల కామాలున్న జాబితాను విడదీయడం. దీనికి గ్రామర్ పుస్తకం కూడా అక్కర్లేదు, పాలిటీ కోసం బట్టీపట్టిన రాజ్యాంగ ప్రవేశికనే ఇంగ్లీష్‌లో తీయండి. న్యాయం అన్నాక సామాజిక, ఆర్థిక, రాజకీయ అని లోపల కామా ఉంది. అది ముగిశాక సెమికోలన్. స్వేచ్ఛ అంశం తర్వాత ఒకటి, సమానత్వం తర్వాత ఒకటి. అక్కడ అన్నీ కామాలే అయితే ఏ మాట దేని కిందికి వస్తుందో తేలదు. 2022 ఏప్రిల్‌లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడదీయడం గురించి రాయాల్సి వస్తే ఇదే పద్ధతి: చిత్తూరు, పలమనేరు, కుప్పం ఒక జిల్లా; తిరుపతి, శ్రీకాళహస్తి ఇంకోటి; మదనపల్లె, పీలేరు అన్నమయ్యలోకి.

ప్రెసీలో ఇది ఇంకా పనికొస్తుంది. ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు కుదించేటప్పుడు ‘అండ్’, ‘వైల్’ లాంటివి తీసేసి సెమికోలన్ పెడితే పదాలు మిగులుతాయి.

రుచి మరిగి ప్రతి పేరాలో వాడొద్దు. పేజీకి ఒకటో రెండో చాలు. అనుమానం వస్తే ఫుల్‌స్టాప్ పెట్టి ముందుకు పోండి, దానికి ఎవరూ మార్కులు కోయరు. చేతిరాతలో పైన చుక్క, కింద కామా విడిగా కనబడాలి. హడావిడిలో అది కోలన్‌లాగో ‘ఐ’ అక్షరంలాగో తయారవుతుంది.

బ్యాంక్ పరీక్షల డిస్క్రిప్టివ్ పేపర్ కంప్యూటర్‌లో టైప్ చేసేవాళ్లకు ఆ బాధ లేదు. మామూలు కీబోర్డులో కుడిచేతి చిటికెన వేలి కిందే ఉంటుంది, షిఫ్ట్ కూడా నొక్కక్కర్లేదు. షిఫ్ట్ నొక్కితే కోలన్ పడుతుంది, అంతే తేడా.

తెలుగు పేపర్‌లో మాత్రం దీన్ని వెతుక్కుని మరీ పెట్టొద్దు. అక్కడ ‘పడక’, ‘ఎండి’, ‘అడుగంటి’ ఆ పని ఎప్పుడో చేసేశాయి.