రోగిని వెంటబెట్టుకుని గుణదల కొండకు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలోని గుణదల వెళ్లడం వేరు, మిగతా రోజుల్లో వెళ్లడం వేరు. మేరీమాత ఉత్సవాల ఆ మూడు రోజులూ లక్షల్లో జనం వస్తారు. ఒంట్లో బాగాలేని మనిషిని తీసుకెళ్లాలనుకుంటే ఉత్సవానికి ముందో, సందడి తగ్గాకో, మామూలు రోజున తెల్లవారుజామునే కొండ దగ్గరుండేలా బయల్దేరండి. మా విచారణ (పారిష్) నుంచి రోగులతో వెళ్లినప్పుడల్లా మేం చేసేది అదే. పదకొండో తేదీనే వెళ్తే తప్ప మొక్కు చెల్లదని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. ఆ తేదీకి విలువ లేదని కాదు. 1858లో అదే రోజున ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి మరియమ్మ మొదటి దర్శనమిచ్చింది. 1993 నుంచి కతోలిక శ్రీసభ (చర్చి) దాన్ని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది. కానీ తోపులాటలో ఊపిరాడక కూలబడాలని ఏ మొక్కులోనూ లేదు.

బయల్దేరేముందే ఇంటి దగ్గర ఒక సంగతి తేల్చుకుంటాం. “కొండెక్కితే తగ్గుతుందా అయ్యా?” అని రోగి అడక్కపోయినా వెంట వచ్చే అన్నదమ్ములో, అత్తగారో తప్పకుండా అడుగుతారు. తగ్గుతుందని ఎవరూ మాటివ్వకూడదు. గుణదల మాత అంటే లూర్దుమాతే. 1924లో ఇక్కడి అనాథాశ్రమం బాధ్యత చూస్తున్న ఆర్లాటి గురువులు (ఫాదర్) కొండ గుహలో ఆ స్వరూపాన్ని నిలిపారు. ఆ భక్తివల్లే మన కతోలిక ఊళ్లలో ఇన్ని లూర్దమ్మలు, ఇందరు బెర్నదెత్తలు. అయితే బెర్నదెత్త కథ మనలో చాలామందికి సగమే తెలుసు. పద్దెనిమిది దర్శనాలు, నీటి ఊట దాకా చెప్పుకుని ఆపేస్తాం. ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాటివ్వను, రాబోయే లోకంలోనే అని మరియమ్మ ఆమెతో ముందే చెప్పింది. చిన్నప్పటి నుంచి ఆమెకు ఉబ్బసం. 1866లో నెవేర్‌లోని మఠంలో చేరింది, మళ్లీ లూర్దుకు రాలేదు. క్షయతో మంచం పట్టి 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. లూర్దుకు వచ్చిన కోట్లమందిలో అద్భుత స్వస్థత అని శ్రీసభ అధికారికంగా ఒప్పుకున్నవి ఇప్పటికి డెబ్బైకి కాస్త పైన, అంతే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నయం కావడం హఠాత్తుగా, పూర్తిగా జరగాలి, మళ్లీ తిరగబెట్టకూడదు, వైద్యశాస్త్రం దానికి కారణం చెప్పలేకపోవాలి. ఇన్ని పరీక్షలు పెడతారు. ఇదంతా విని కొందరు ప్రయాణం మానుకుంటారేమో అనిపిస్తుంది గానీ, మానుకోరు. పైగా “నాకే ఎందుకు జరగలేదు” అన్న బరువు కొంత దిగాక ఎక్కడం తేలికవుతుంది.

ఇక తిండి సంగతి. మెట్ల మీద కళ్లు తిరిగి పడేవాళ్లలో ఎక్కువమంది జబ్బువల్ల కాదు, ఖాళీ కడుపువల్ల పడతారు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న పాత నియమాన్ని మన అమ్మమ్మలు ఇంకా వదల్లేదు. ఇప్పుడున్న నియమం ప్రకారం దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో అప్పం తీసుకోవడానికి, ముందు ఒక్క గంట ఉపవాసం చాలు. నీళ్లు, మందులు దాన్ని భంగం చేయవు. ముసలివాళ్లకూ, రోగులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ ఆ గంట కూడా తప్పనిసరి కాదు. శ్రీసభ చట్టంలో 919వ నియమం ఇదే. కాబట్టి పొద్దున్నే రెండు ఇడ్లీలు తినిపించి, మాత్రలు వేయించి తీసుకెళ్లండి. ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఎక్కితే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే అక్కడే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చెప్పులు కూడా అంతే. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగరు మనిషి ఎండకు కాలిన మెట్ల మీద ఒట్టికాళ్లతో నడిస్తే బొబ్బలు లేచిన సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియదు, అది పుండై నెలల తరబడి మానదు. ఒట్టికాళ్ల మొక్కు ఉంటే గుహ ముందు కాసేపు విప్పి నిలబడితే చాలు.

కొండ కింద గుడి, ఎక్కే దారిలో మాత గుహ, కొన మీద పెద్ద సిలువ. మేం సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని ధ్యానించే ప్రార్థన, చేస్తూ ఎక్కుతాం. పద్నాలుగు స్థలాలు. ఒక్కోచోట చిన్న ధ్యానం, పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం. మామూలుగా నలభై అయిదు నిమిషాల్లో అయిపోతుంది, రోగి ఉంటే రెట్టింపు పడుతుందనుకోండి. ఈ ప్రార్థనలోనే విశ్రాంతి కూడా ఉంది. మూడు, ఏడు, తొమ్మిది స్థలాల్లో యేసు కింద పడతాడు. ఆ మూడు చోట్లా మేం అందరం కూర్చుంటాం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా. రోగి ఒక్కరే కూర్చుంటే నామోషీ పడతారు. అయిదో స్థలంలో కురేనీయుడైన సీమోను సిలువకు భుజం పడతాడు. రోగి చేతిసంచీ, నీళ్ల సీసా అక్కడ ఇంకొకరు అందుకుంటారు. ఎవరి సాయమూ వద్దని మొండికేసే మగవాళ్లు కూడా అక్కడ ఇచ్చేస్తారు. యేసే ఒకరి సాయం తీసుకున్నాక మనకేం? ఒకవేళ నాలుగో స్థలం దగ్గరే ఆయాసం వస్తే అక్కడే కూర్చుని మిగతా పదీ చదివి దిగిపోవాలి. కొన దాకా వెళ్లకపోతే ఫలం దక్కదన్నది ఎవరో అల్లిన మాట. మోకాళ్ల మీద ఎక్కడం కీళ్లు అరిగినవాళ్లకు అసలే వద్దు.

కొబ్బరికాయ, కొవ్వొత్తి, తలనీలాలు ఎవరి మొక్కు వాళ్లది. కొవ్వొత్తుల దగ్గర పైట చెంగు నడుంలో దోపుకోండి. గాలికి మంట పక్కకు వాలుతుంది. తీర్థం నీళ్లు తెచ్చుకున్నా డయాలసిస్ రోగికి డాక్టరు చెప్పిన నీటి కొలతలోనే ఇవ్వాలి, సీసాలో నెలల తరబడి నిలవ ఉంచినవి తాగించకూడదు. వడ్డీకి అప్పు తెచ్చి మొక్కు తీర్చడం మాకు బొత్తిగా గిట్టదు. స్తోమతకు మించిన మొక్కును మార్చడానికి గానీ, ఎత్తివేయడానికి గానీ విచారణ గురువుకు అధికారం ఉంది, వెళ్లి అడగండి.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే గురువు రోగికి తైలం పూసి చేసే ప్రార్థన, కావాలంటే ఒకరోజు ముందే గురువులతో మాట్లాడి పెట్టుకోవాలి. దాన్ని ప్రాణం పోయే ఘడియకోసం దాచడం మనవాళ్ల అలవాటు. గురువు ఇంటికొస్తే ఇక అయిపోయిందని భయం. నిజానికి పెద్ద ఆపరేషన్‌కు ముందే తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. నుదుటి మీద, అరచేతుల్లో మేత్రాణులు (బిషప్) ఆశీర్వదించిన తైలం పూస్తారు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) మాత్రం ఊళ్లోనే చేసుకుని రావడం మేలు. ఉత్సవ రోజుల్లో ఆ వరసలో నిలబడలేరు.

పైకి చేరినా, మధ్యలో ఆగినా, కూర్చున్నచోట యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం చదువుతాం. పదకొండో వచనం మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉన్నదే: మీ విషయంలో నా ఉద్దేశాలు మేలైనవే, కీడు కోసం కావు అని. దాని పై వచనాలు క్యాలెండరు మీద వేయరు. ఆ మాట బబులోనుకు బందీలుగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా అనే ప్రవక్త యెరూషలేములో జనాన్ని ఊరించాడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు పడుతుందన్నాడు. అంటే వింటున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని దేవుడు చెప్పించాడు. రెండేళ్ల మాటలు చెప్పేవాళ్లు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు కానుకలు కూడా బాగానే ముడతాయి. అందుకే ఆ అధ్యాయం అయ్యాక ఈ ఏడాది ఏ పని మొదలుపెడతారని రోగినే అడుగుతాం. కూతురి ఫీజు, ఆగిపోయిన గోడ, పొలం కాగితాలు, మాట్లాడుకోని తమ్ముడు, ఏదో ఒకటి చెబుతారు. కొందరు ఏమీ చెప్పరు. వాళ్లతో 88వ కీర్తన చదివి ఊరుకుంటాం. మొదటి నుంచి చివరిదాకా చీకటే ఉన్న కీర్తన అది, దాన్ని కూడా బైబిలులో ప్రార్థనగానే ఉంచారు.

దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కేటప్పటికన్నా ఎక్కువ. రోగికి ఒక మెట్టు కిందుగా ఒకరు ముందు నడవాలి, పక్కన ఇంకొకరు జబ్బ పట్టుకోవాలి. కింద నీడలో పెరుగన్నం పొట్లాలు విప్పుతాం. అప్పుడే ఆసుపత్రి ఫైలు బయటికి తీసి తర్వాతి కీమో ఎప్పుడో, డయాలసిస్ ఏ వారాల్లోనో చూసి, ఏ రోజున ఎవరు తోడు వెళ్తారో పేర్లు రాసుకుంటాం. ఖాళీ గడి ఒక్కటి మిగిలినా బండి కదలనివ్వం.