లంగరు కింద గుమ్మం

పన్నెండు దాటింది. నిద్ర పట్టట్లేదు, కారణం వదినే. అవును, మళ్ళీ ఆవిడ రాస్తున్న ఆ దొంగసరుకు రవాణా నవలే. ఈసారి మూడో అధ్యాయం: 1790, ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరం. హీరో ఒక భుజాన బ్రాందీ పీపా, ఇంకో చేత టీ మూట పట్టుకుని కొండ చరియ ఎక్కి పరుగు.

టీ ఏమిటి వదినా? 1784లోనే దాని మీద సుంకం 119 శాతం నుంచి 12.5కి దింపేశారు. ఆ తర్వాత టీ కోసం ప్రాణం మీదికి ఎవడు తెచ్చుకుంటాడు?

ఇక ఆ పీపా. దొంగసరుకు కోసమే చేయించే చిన్నవి, నాలుగు గ్యాలన్లు పట్టేవి. రెండిటిని తాడుతో జతకట్టి ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద వేసుకునేవాళ్ళు. మనిషి మీద యాభై కిలోల దాకా బరువు, పరుగు సంగతి దేవుడెరుగు. లోపలుండేది రంగులేని ఘాటు సారా. ఒడ్డుకు చేరాక నీళ్ళు కలిపి, మాడ్చిన చక్కెరతో రంగు తెప్పించేవాళ్ళు. మన హీరో మాత్రం పడవలోనే దాని బంగారు రంగు చూసి మురిసిపోతాడు!

ఫోన్లో ఇదంతా చెబితే "ప్రేమకథలో తూకాలెందుకురా?" అంది. అక్కడ మండింది.

గస్తీ పడవ కనబడితే ఏం చేసేవాళ్ళో ఆవిడ రాయనే లేదు. పీపాలను వరసగా తాడుకు కట్టి, మధ్యమధ్య రాళ్ళు బిగించి అడుగుకు దింపేసేవాళ్ళు. రాళ్ళు చాలకపోతే పైకి తేలిపోతాయి, సారా నీటికన్నా తేలిక. ఒడ్డున గుర్తులు చూసుకుని, తర్వాత కొక్కేలు ఈడ్చి తీసేవాళ్ళు. ఆలస్యమైతే లోపలి సరుకు కంపు.

మా నూతిలో చేద పడితే అమ్మమ్మ వేసే పాతాళగరిగె లాంటిదే అది. అడుగు తగిలేదాకా వదలాలి, మెల్లగా ఈడవాలి. గుంజితే చేద బురదలోకి దిగబడుతుంది. "తగిలిందా అమ్మమ్మా?" అంటే, "ఉష్, తాడు చెబుతుంది" అనేది.

ఇది రాస్తుంటే కార్న్‌వాల్‌లోనే జెన్నర్ అనే ఊరి మత్స్యకన్య కథ గుర్తొచ్చింది. అక్కడి చర్చిలో బల్ల చివర అద్దం, దువ్వెన పట్టుకుని చెక్కి ఉంటుంది. పాటగాడు మాథీ ట్రెవెల్లా ఆమె వెంట సముద్రంలోకి వెళ్ళిపోయాడట. ఏళ్ళ తర్వాత ఒక ఓడ కెప్టెన్‌ని ఆమె పిలిచి, "నీ లంగరు మా గుమ్మానికి అడ్డంపడింది, పిల్లల దగ్గరికి పోలేకపోతున్నా, కాస్త ఎత్తు" అందట.

ఒక్క లంగరుకే అలా ఉంటే, రాళ్ళు కట్టిన పీపాల వరస పడితే? హీరో గుర్తులు చూసుకుని కొక్కెం వేస్తే, అవతల తాడు పట్టుకున్నది ఆమె అయితే?

ఛ, కొండ మీద పరుగు పెట్టించినందుకు వదినను తిట్టాను గానీ, కథ అడుగున పడి ఉంది. పొద్దున్నే ఫోన్ చెయ్యాలి.

టీ మూట మాత్రం ఒప్పుకోను.