మోరె కొండకు అటూ ఇటూ

2018 మార్చిలో మా గుంటూరు బృందం ఇజ్రాయెల్‌లోని నజరేతు నుంచి నాయీనుకు వెళ్తుండగా, ఎదురుగా కనిపిస్తున్న మోరె కొండను చూపించి గైడు ఒక మాట చెప్పారు. ఆ కొండ ఉత్తరపు వాలులో నాయీను ఉంది; నైరుతి వాలులో ఉన్న సూలం అనే ఊరే బైబిలులో రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని షూనేము. నేరుగా కొలిస్తే మధ్య దూరం సుమారు మూడు కిలోమీటర్లు. చనిపోయిన కొడుకును తల్లి తిరిగి పొందిన రెండు వృత్తాంతాలు, నాయీనులో యేసు లేపినదీ షూనేములో ఎలీషా ప్రవక్త లేపినదీ, ఒకే కొండకు అటూ ఇటూ జరిగాయని అంతవరకూ నాకు తెలియదు.

నాయీనులో 1881లో ఫ్రాన్సిస్కన్లు కట్టిన చిన్న గుడికి తాళం వేసి ఉంది. పక్కింటి ముస్లిం మహిళ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. లోపల పాస్టరుగారు లూకా 7వ అధ్యాయం చదివి, ఎలీషా పిల్లవాని మీద రెండుసార్లు పడుకోవలసి వచ్చిందనీ, మన ప్రభువుకు ఒక్క మాట చాలిందనీ చెప్పారు. చిన్ననాటి నుంచి వింటున్న ప్రసంగమే అది.

దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ‘అతనిని తల్లికి అప్పగించెను’ అని లూకా వాడిన గ్రీకు మాటలు, పాత నిబంధన గ్రీకు అనువాదంలో సారెపతు ఊరి విధవరాలికి, ఎలీషా గురువైన ఏలీయా, బ్రదికించిన కొడుకును అప్పగించిన చోట ఉన్న మాటలే. అక్కడా ఇక్కడా ఊరి గవిని దగ్గరే విధవరాలు ఎదురవుతుంది. నాయీను జనం యేసును ‘గొప్ప ప్రవక్త’ అన్నది ఆ పాత కథలు తెలిసే. పాత ప్రవక్తలను తగ్గించడానికి లూకా ఇంత శ్రద్ధగా వారి మాటలను అరువు తెచ్చుకున్నాడని నేను అనుకోను.

పైగా షూనేము కథలో ప్రధాన పాత్ర ప్రవక్త కాదు, తల్లి. పొలంలో తలనొప్పితో కూలిన పిల్లవాడు మధ్యాహ్నం ఆమె ఒడిలోనే ప్రాణం విడిస్తే, ఆమె వాణ్ణి ప్రవక్త మంచం మీద పడుకోబెట్టి, తలుపు వేసి, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఎలీషా ఉన్న కర్మెలు కొండకు గాడిద మీద బయలుదేరింది. ఆమె దుఃఖం ఎలీషాకు ముందుగా తెలియదు. అతని సేవకుడు గేహజీ ముందుగా వెళ్లి పిల్లవాడి ముఖం మీద పెట్టిన ఎలీషా కర్ర పనిచేయలేదు. ఎలీషా వాడి నోటి మీద నోరు పెట్టడాన్ని కృత్రిమ శ్వాసగా వివరించేవారు ఆ రానూపోనూ ప్రయాణానికి పట్టే గంటలను మరచిపోతున్నారు.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ, కొడుకును పోగొట్టుకున్న మనిషి, మెల్లగా అడిగింది: “నాయీను తల్లి ఏమీ అడగలేదు, ఇచ్చేశాడు. షూనేము ఆవిడ కాళ్లు పట్టుకుని సాధించుకుంది. కాళ్లు పట్టుకున్నా రానివాళ్ల సంగతేంటి నాయనా?”

నా దగ్గర జవాబు లేదు. యూదుల ప్రార్థన మందిరాల్లో షూనేము కథ ఉన్న అధ్యాయాన్ని, అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన ఘట్టం చదివే వారంలోనే చదువుతారనీ, వారిలో సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులు) 23వ వచనం దగ్గరే ఆపుతారనీ మాత్రం చెప్పాను. అక్కడ పిల్లవాడు ఇంకా లేవలేదు; ఎందుకు వెళ్తున్నావని భర్త అడిగితే తల్లి ‘షాలోమ్’ (క్షేమమే) అని ఒక్క మాట అంటుంది.

పెద్దమ్మ కళ్లజోడు తీసి, తన బైబిలు నా చేతికిచ్చి, ఆ వచనం ఎక్కడుందో చూపించమంది.