అట్రాసిటీ పరిహారం: డబ్బు ఆగేది ఎఫ్ఐఆర్ దగ్గరే

ఆదివాసీ మహిళపై లైంగిక దాడి జరిగితే చుట్టుపక్కల వాళ్లు ముందు అనే మాట "అట్రాసిటీ డబ్బులు వస్తాయిలే" అని. వస్తాయి, కానీ ఎఫ్ఐఆర్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) సెక్షన్ పడితేనే.

2016 సవరణ నిబంధనల ప్రకారం అత్యాచారానికి 5 లక్షలు, సామూహిక అత్యాచారానికి 8.25 లక్షలు. వైద్య పరీక్ష జరిగి నిర్ధారణ నివేదిక వచ్చాక సగం, చార్జిషీటు కోర్టుకు చేరాక పావు, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగతా పావు. చివరి విడతకు శిక్ష పడాలన్న షరతు లేదు. కేసు కొట్టేశారు కాబట్టి ఇక రాదని ఎవరైనా చెబితే నమ్మకండి, నిబంధన చూపించమనండి.

చిక్కు ఎక్కడంటే, కుల ధ్రువీకరణ పత్రం చేతిలో లేదని స్టేషన్‌లో మామూలు అత్యాచారం సెక్షన్‌తో కేసు కట్టేస్తారు. పత్రం వచ్చాక అట్రాసిటీ సెక్షన్ చేర్చేదాకా పరిహారం ఫైలే పుట్టదు. అందుకే ఎఫ్ఐఆర్ నకలు (ఉచితంగా ఇవ్వాలి) తీసుకుని సెక్షన్లు చదవండి. అట్రాసిటీ సెక్షన్ లేకపోతే మీసేవలో కులపత్రానికి దరఖాస్తు చేసి, ఆ రసీదు జతచేసి డీఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీలకు ఈ పత్రమే పెద్ద గోడ.

నిందితుడు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టమే వర్తించదు. గూడెంలో చాలా కుటుంబాలు అక్కడితో ఆశ వదిలేసుకుంటాయి. వదలక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2018 పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు. దీనికి కులంతో పని లేదు. ఎఫ్ఐఆర్ నకలుతో మధ్యంతర సాయం కూడా అడగొచ్చు. ఫోన్ 15100. కాకపోతే మేజర్లకు సాధారణంగా 75 శాతం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, చేతికొచ్చేది పావు వంతే. ఇది ముందే చెప్పకపోతే ఇంట్లో గొడవలవుతాయి. అట్రాసిటీ కింద డబ్బు అందినా ఇక్కడ దరఖాస్తు చేయొచ్చు, అందిన మొత్తం దాచకుండా రాయాలి.

వైద్యం ఉచితం, ప్రైవేటు ఆసుపత్రిలోనైనా. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం (ఫోన్ 181) నిర్భయ నిధితో మొదలైనదే, అయిదు రోజుల దాకా ఆశ్రయమిస్తుంది. కానీ అది ఉండేది జిల్లా కేంద్రంలో.

అట్రాసిటీ కేసులో వాయిదాలకు వెళ్లే ఖర్చు కూడా హక్కే. బస్సు చార్జీ, కనీస వేతనానికి తగ్గని కూలి, ఆమెకే కాదు, ఆమె ఎంచుకున్న తోడు మనిషికి కూడా. మూడు రోజుల్లో ఇవ్వాలి. కోర్టులో సాక్షి బత్తాతో సరిపెట్టేస్తారు గనుక టిక్కెట్లు దాచి దరఖాస్తుకు జతచేయండి.

ఇంకొకటి. చెక్కు ఇస్తూ ఫొటో తీస్తామంటే ఒప్పుకోవద్దు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం, అధికారికైనా.