నాయన వేళ్లు, చిన్నాయన బావి

ఆదివారం రాత్రి.

కెమెరాని తడవకుండా నీళ్లలోకి దింపే గట్టి డబ్బా కిటికీలో ఫ్యాను గాలికి ఆరుతోంది. దాని తలుపుకి నీళ్లు దూరకుండా ఉండే రబ్బరు రింగు ఊడదీసి, తుడిచి, చిన్న కవర్లో పెట్టినాను. వేళ్లకి గ్రీజు జిడ్డు ఇంకా పోలేదు. ఇప్పుడు రాసుకోకపోతే రేపు షాపు పనిలో సగం మర్చిపోతాను.

కెమెరా పాతది. క్యానన్ పవర్‌షాట్ ఎస్95. 2010లో వచ్చిన మోడలు, 10 మెగాపిక్సెళ్లు, చొక్కా జేబులో పట్టేస్తుంది. దాన్ని నీళ్లలోకి తీసుకుపోవాలనే పిచ్చి పోయిన ఎండాకాలం పట్టుకుంది. చిన్నాయన వాళ్ల బావిలో పిల్లోళ్లు దూకుతుంటే గట్టు మీద నిలబడి తీసిన ఫోటోలన్నీ ఒకటే తీరు. ఒక తల, నాలుగు నీటి చుక్కలు, అంతే. మునిగినాక వాళ్లు చేసే కోతి చేష్టలే కదా చూడాల్సింది.

మొదట ప్లాస్టిక్ సంచి కొన్నాను, నోరు మడిచి క్లిప్పు వేసే రకం. దాంట్లో తీసిన ఫోటోలు నూనె కాగితం అడ్డం పెట్టుకుని చూసినట్టున్నాయి. పైగా లెన్సు బయటికి రావాలంటే సంచిని తోసుకుంటూ రావాల. ఒకసారి మధ్యలో ఇరుక్కుని స్క్రీను మీద లెన్స్ ఎర్రర్ అని చూపించేసరికి నా పై ప్రాణాలు పైనే పోయినాయి. ఆ సంచిలో ఇప్పుడు అమ్మ కరెంటు బిల్లులు దాచుకుంటోంది.

నీళ్లకి తట్టుకునే కెమెరానే కొనేద్దామని కూడా అనుకున్నాను. ఒలింపస్ టీజీ-6 లాంటివి డబ్బా గిబ్బా లేకుండానే 15 మీటర్లు దిగుతాయి. నిజం చెప్పాలంటే నాలాంటోనికి తెలివైన దారి అదే. కానీ చేతిలో ఉన్నదాని లెన్సు ఎఫ్2.0, అంటే వెలుగు బాగా లోపలికి తీసుకునే రకం. చీకటి బావిలో ఆ వెలుగు పనికొస్తుంది. రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫోటో కూడా ఇస్తుంది కాబట్టి రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు. దాన్ని వదలబుద్ధి కాలేదు.

గట్టి డబ్బాలతో వచ్చే చిక్కేమంటే, ఏ కెమెరాకి ఆ డబ్బానే. కెమెరా బటను కాస్త పక్కకి జరిగినా డబ్బా మీదున్న పుల్ల దాని మీద పడదు. మోడలు మారిందా, పాత డబ్బా ఇంగ అటక మీదికే. నా కెమెరాకి కంపెనీ చేసింది డబ్ల్యూపీ-డీసీ38, 40 మీటర్ల లోతు వరకు. ఇప్పుడు కొత్తది యాడ దొరుకుతుంది? ఎవరో వాడినదే పార్సిల్లో తెప్పించుకున్నాను. అద్దం మీద గీతలు నేను పట్టించుకోలేదు. కొక్కెం దగ్గర వెంట్రుకంత పగులేమైనా ఉందా, నొక్కిన ప్రతి బటనూ తిరిగి పైకొస్తుందా, ఈ రెండే చూసినాను. సముద్రంలో వాడి కడక్కుండా పెట్టేసుంటే ఉప్పు పట్టి బటన్లు ఇరుక్కుంటాయి. తలుపు రింగు మనమే మార్చుకోవచ్చు గానీ ఒక్కో బటను కాడకి లోపల ఉండే బుల్లి రింగులు మన చేతికి అందవు.

పార్సిలు షాపులోనే విప్పినాను. మాది మోటారు వైండింగ్ షాపు. నాయన చేతిలో స్టేటరు (మోటారులో తిరగని భాగం) పక్కన పెట్టి డబ్బాని తిప్పి తిప్పి చూసినాడు.

"ఇదేందిరా, టిఫిను బాక్సా?"

"నీళ్లలో కెమెరాకి నాయనా. 40 మీటర్లు దింపచ్చంట."

"మీటర్లు నాకొద్దు, అడుగుల్లో జెప్పు."

"నూట ముప్పై."

"నూట ముప్పై అడుగులకి మన పక్క మట్టికి తడి గూడా తగలదప్పా," అని నవ్వినాడు. ఆయన మోటార్లు దింపేది ఏడెనిమిది నూర్ల అడుగుల బోర్లలోకి మరి.

నవ్వినాడు గానీ డబ్బా మర్మం నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. "మన సబ్‌మెర్సిబుల్ లోపల గాలుండదు, నీళ్లు నింపే దింపుతాం. లోపలా నీళ్లే, బయటా నీళ్లే. ఇంగ నొక్కేదెవరు? ఉన్న కాస్త తేడా అడుగునుండే రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, సర్దుకుంటాది. నీ డబ్బాలో ఉండేది గాలి. నీళ్లు అన్ని పక్కలా నొక్కుతాయి సూడు."

ఎంత నొక్కుతాయో బిల్లు బుక్కు వెనక లెక్క వేసినాము. పది మీటర్లకి చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున. వెనక తలుపు సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. 40 మీటర్ల దగ్గర 400 కిలోలు! చిన్నాయన బావిలో నేను దిగేది మహా అంటే ఒకటిన్నర మీటరు, అంటే 15 కిలోలు. నేను హమ్మయ్య అనుకుంటుంటే నాయన తల అడ్డంగా ఊపినాడు. "తక్కువని సంబరపడొద్దు. బాగా నొక్కితేనే తలుపు రింగుని కరుచుకుంటాది. నీళ్లు దూరేది పైపైనే."

1893లో ఫ్రాన్సులో లూయీ బూటాన్ అనే ఆయన సముద్రంలో ఫోటోలు తీసేదానికి రాగి పెట్టె చేయించి, లోపలి గాలి ఒత్తిడి సర్దుకునేదానికి దానికొక రబ్బరు బుడగ తగిలించినాడు. ఆ సంగతి చెప్తే నాయన, "అయితే మోటార్లు తెలిసినోడే," అని తేల్చేసినాడు.

ఇదంతా శుక్రవారం మాట. శనివారం సాయంత్రం కెమెరా లేకుండా ఉత్త డబ్బానే పరీక్ష పెట్టినాను. లోపల టిష్యూ కాగితం పరిచి, మూసి, ఇంటెనక డ్రమ్ములో వేస్తే బెండులాగా తేలింది. పైన అమ్మ పొత్రం పెట్టి అదిమినాను. (పొత్రం యాడపోయిందని అమ్మ ఇల్లంతా వెతికిందంట, అది వేరే కథ.) అరగంట తర్వాత తీస్తే కాగితం ఒక మూల తడి. రూపాయి బిళ్లంత. కెమెరా ఉండుంటే ఆ మూలే బ్యాటరీ.

రింగు తీసి లైటు కింద పెట్టి చూసినా, భూతద్దం పెట్టి చూసినా. ఏమీ లేదు. నాయన వచ్చి రింగు తీసుకుని కళ్లు మూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోయినాడు. జపమాల తిప్పినట్టుంది చూసేదానికి. ఒకచోట ఆగి, "ఇదిగో," అన్నాడు. తెల్ల నూలు పోగు, కనురెప్ప వెంట్రుకలో సగం కూడా లేదు.

"దేంతో తుడిచినావు?"

"షాపులో వేస్టు గుడ్డతో."

ఆయన చూసిన చూపు ఇక్కడ రాయను. వేస్టు గుడ్డ మసి చేతులు తుడుచుకునేదానికే, పోగులు రాలుస్తుంది. సీలు తుడవాల్సింది పీచు రాలని గుడ్డతో. ఇరవై ఏళ్లుగా ఆ షాపులో తిరుగుతున్నాను, నాకు తెలియాల్సిందే.

గ్రీజు దగ్గర మాత్రం నా మాట నెగ్గింది. నాయన షాపు గ్రీజు డబ్బా తెచ్చినాడు. వద్దని ఆపినాను. రింగు రబ్బరుకి సరిపడని గ్రీజు రాస్తే అది ఉబ్బి గాడిలోంచి లేస్తుంది. ఆ రింగుకని ఇచ్చిన గ్రీజే బియ్యపు గింజంత తీసి, రింగు మెరిసేంత వరకే పామాలి. నీళ్లని ఆపేది గ్రీజు కాదు, రింగే. గ్రీజు దాన్ని మెలిపడకుండా, ఎండిపోకుండా ఉంచుతుంది, అంతే. దండిగా పూస్తే దుమ్ము పట్టుకుంటుంది. మళ్లీ డ్రమ్ము, మళ్లీ పొత్రం. ఈసారి కాగితం పొడిగా వచ్చింది.

ఈ పొద్దున అమ్మ పెనం మీద సిలికా జెల్ పొట్లాలు వెచ్చజేసి ఇచ్చింది. చెప్పుల డబ్బాల్లో వచ్చేవి, దాచిపెట్టుకున్నాను. లోపలి గాలిలో తేమ ఉంటే, చల్లని నీళ్లు తగలగానే అద్దం లోపలివైపు మసక కమ్ముతుంది. అందుకే బావి దగ్గర కాకుండా ఇంట్లోనే కెమెరా పెట్టి మూసేసినాను. అనంతపురం పొడి గాలి మెచ్చుకునే పని నాకు ఇదొక్కటే తగిలింది.

చిన్నాయన తోట గార్లదిన్నె పక్క, బండి మీద అరగంట. చీనీ (బత్తాయి) చెట్ల మధ్యలో పాత కపిల బావి, రాతి ఒర, ఒక పక్క మెట్లు. చిన్నాయన మోటారు దగ్గర బిందె పట్టుకుని నిలబడున్నాడు. ఆన్ చేసినప్పుడల్లా పైపులో నీళ్లు పోస్తే గానీ ఎత్తడం లేదంట. "మీ నాయనకి చెప్పొద్దురా, కొత్త మోటారంటాడు," అన్నాడు.

బావిలో నీళ్ల మీద నిండా ఎండ పడేది పన్నెండు అటూ ఇటూ ఒక గంటే. అంతవరకు గట్టు నీడ. నేను పెద్ద ఈతగాణ్ణి కాదు. డబ్బా తాడు మణికట్టుకి కట్టుకుని, మెడలోతు మెట్టు మీద నిలబడి, చేతులు ముందుకు చాచి, తల ముంచి తీయడం నా పద్ధతి. పిల్లోళ్లు నలుగురు, వాళ్లమ్మల్ని అడిగే తీసినాను. ఒకడు నడుముకి బెండ్లు, ఒకడు ఐదు లీటర్ల నూనె క్యాను.

మొదటి ముప్పై ఫోటోలు చెత్త. ఫ్లాష్ ఆపడం మర్చిపోయినాను. నీళ్లలో తేలే పాచి నలుసులన్నీ మెరిసి, మట్టి దారిలో లారీ వెనక లైటు వేసుకుని పోయినట్టు వచ్చినాయి. ఫ్లాష్ ఆపితే ఆకుపచ్చ మయం. ఒక పిల్లోని ఎర్ర నిక్కరు ఇటుక రంగుకి తిరిగింది, నీళ్లు ముందు మింగేది ఎరుపునే. పెరుగు డబ్బా తెల్ల మూత నీళ్లలో పట్టుకుని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా చేసే అమరిక) కుదిర్చినాక చర్మం రంగు కాస్త మనుషుల రంగులోకి వచ్చింది. దూరం కూడా మోసమే. నీళ్లలో నాలుగడుగుల దూరం మూడడుగులే అనిపిస్తుంది, ఫ్రేము ఇరుకైపోతుంది. ఇంకా దగ్గరికి రమ్మంటే, "అన్నా, కాలు తగుల్తాది!" అని వాడు అరిచేలోపే తగిలింది, నా ముక్కుకి.

ఎండ ఉన్నంతసేపు తీస్తూనే ఉన్నాను. మధ్యలో మోటారు పైపు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, దాని అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వుని కూడా ఊరికే రెండు నొక్కినాను.

ఇంటికి రాగానే డబ్బా తెరవలేదు. మంచినీళ్ల బకెట్లో అరగంట నానబెట్టి, లోపలే బటన్లన్నీ పదేసిసార్లు నొక్కి, బాగా తుడిచి, నా తల కూడా తుడుచుకుని, అప్పుడు తలుపు తీసినాను. మన జుట్టులోంచి పడే చుక్క కూడా నీటి చుక్కే. లోపల పొడిగా ఉంది. పొట్లం కూడా పొడిగానే ఉంది.

నూట అరవైలో నిలిచినవి ఏడు. బెండ్ల పిల్లోడు తలకిందులుగా, నోట్లోంచి బుడగలు, వెనక ఒర రాళ్ల మీద వంకరగా ఎండ చారలు. అది నాకు చాలు. నాయనకి చూపించినాను. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ జరుపుతూ పోయినాడు, ఏమీ అనలేదు. పైపు ఫోటో దగ్గర ఆగినాడు. వేళ్లతో స్క్రీనుని సాగదీయబోయినాడు, అది సాగే రకం కాదని నేనే బటన్‌తో పెద్దది చేసినాను.

"ఫుట్ వాల్వులో పుల్ల ఇరుక్కోనుండాది సూడు. మూత పడ్డం లేదు. ఆన్ చేసినప్పుడల్లా బిందెడు నీళ్లు పోస్తాండాడా వాడు?"

నేను నోరు విప్పలేదు. నాయన అప్పటికే చిన్నాయనకి ఫోను కలుపుతున్నాడు.