గూడబాతుల ఊరికి, వంశధార మొగకు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్దామనుకునే ఫొటోగ్రాఫర్లు నన్ను మొదట అడిగేది లెన్సు గురించే. దూరంలోని పక్షిని దగ్గరగా చూపే 600 మిల్లీమీటర్ల లెన్సు లేకుండా వెళ్తే ఏమైనా దొరుకుతుందా అంటారు. దొరుకుతుంది. ఇక్కడి పక్షులు చెరువు నడుమ లంకల్లోనో, అడవి లోపలో కాదు, ఊరిని ఆనుకుని, ఇళ్ల పక్కన ఉన్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. సంక్రాంతి దాటాక నేను వెళ్లినప్పుడు సంచిలో పెట్టుకున్నవి ఒక కెమెరా, 100-400 జూమ్, 24-70 జూమ్, అదనపు బ్యాటరీలు, లెన్సు కింద మెత్తలా పెట్టుకునే ఒక ఖాళీ బీన్ బ్యాగు. చాలాసార్లు 400 కూడా ఎక్కువై, వెనక్కి తగ్గించుకోవలసి వచ్చింది.

శ్రీకాకుళం నుంచి టెక్కలి సుమారు 50 కిలోమీటర్లు. రాత్రికి టెక్కలిలో ఉండి, తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. దారి పొడవునా వరి కోసిన మళ్లల్లో మినుము, పెసర. మంచు పట్టిన పొలాల మీదుగా చల్లగాలి కొడుతోంది. ఊరు ఇంకా కనిపించకముందే చేపల వాసన తగిలింది, ఆ వెనకే కర్రలు టకటకా కొట్టినట్టు ముక్కుల చప్పుడు. ముక్కులు తాటించేవి ఎర్రకాళ్ల కొంగలు. వాటితో పాటు గూళ్లు పెట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లోనూ పత్రికల్లోనూ అంటుంటారు గానీ, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. వానలు వెనకబట్టాక ఇక్కడికి చేరి, నౌపడ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో చేపలు పట్టుకుంటూ పిల్లలను పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. జనవరిలో వెళ్లమని చెప్పేది అందుకే. అప్పటికి పిల్లలు ఎదిగి ఉంటాయి, మేత కోసం పోరు పెడుతుంటాయి. రోజంతా చెట్టు మీద ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

చెట్టు కింద నిలబడి పైకి తీస్తే పక్షి పొట్టా, తెల్లటి ఆకాశమూ తప్ప ఏమీ రావు. గూటికి సమానమైన ఎత్తు కావాలి. ఒక ఇంటి ముందు కళ్లాపి చల్లుతున్న పెద్దావిడను డాబా ఎక్కనిస్తారా అని అడిగాను. "ఎక్కండి బాబూ. కానీ చప్పుడు చేయకండి, పిల్లలు బెదిరి కింద పడతాయి" అన్నారు. ఆవిడ ఇంటి పెరడంతా రెట్టలతో తెల్లబడి ఉంది. ఆ వాసన నెలల తరబడి భరిస్తూ, ఈ పక్షులు వస్తేనే ఊరికి మంచిదని నమ్మే మనుషులు వీళ్లు. వాళ్ల డాబా మీద నిలబడ్డప్పుడు ఆ మర్యాద మనమూ పాటించాలి. బీన్ బ్యాగులోకి ఆవిడనే అడిగి ఊక నింపుకున్నాను. ఇసుక పోస్తే కుట్లలోంచి రాలి కెమెరాలోకి పోతుంది. ఊక తేలిక, పని అయ్యాక అక్కడే ఒంపేసి రావచ్చు. పిట్టగోడ మీద ఆ సంచి, దాని మీద లెన్సు పెడితే ట్రైపాడ్ అక్కరలేదు.

జనవరి ఎండ దక్షిణం వైపు వాలి ఉంటుంది కాబట్టి, ఉదయం పూట చెట్టుకు ఆగ్నేయంగా ఉన్న డాబా వెతుక్కోండి. వెలుగు మీ వీపు వెనక నుంచి నేరుగా గూటి మీద పడుతుంది. తొమ్మిది దాటితే తెల్లటి ఈకల మీద వెలుగు కటువుగా మారుతుంది.

నేను ఎక్కువసేపు కూర్చున్నది ఒకే గూటి ముందు. మేత తెచ్చిన గూడబాతు వాలగానే రెండు పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ మీద పడ్డాయి. పెద్ద పక్షి ముక్కు కిందికి వంచి తెరిచింది. పై ముక్కు అంచు వెంట వరుసగా నీలి చుక్కలు, కింద లేత ఊదా మచ్చల తోలుసంచి. ఒక పిల్ల మెడ దాకా ఆ సంచిలోకి దూర్చేసింది. సంచి లోపల దాని తల కదలడం బయటి నుంచి తెలుస్తోంది. ఇది కొన్ని క్షణాల పని. అందుకే పక్షి వాలకముందే అన్నీ సిద్ధం చేసుకోవాలి: ముందూ వెనకా ఉన్న తలలన్నీ స్పష్టంగా రావడానికి లెన్సు రంధ్రం ఎఫ్ 8, షట్టర్ 1/1000 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో. ఎగిరే పక్షికైతే 1/2000. ముదురు ఆకుల ముందు తెల్లటి పక్షి ఉంటే కెమెరా ఎక్కువ వెలుగు తీసుకుని ఈకలను తెల్లకాగితంలా చేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంత తగ్గించండి. అదే పక్షి ఆకాశంలోకి లేచిందంటే నల్లబడుతుంది, పెంచాలి. ఈ మార్పు వేలికి అలవాటైతే చాలు, మిగతా సెట్టింగుల గురించి అంతగా కంగారుపడనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. గూళ్ల మీదికి డ్రోన్ పంపకూడదు, ఫ్లాష్ వాడకూడదు, ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టకూడదు. పెద్ద పక్షి బెదిరి లేస్తే గుడ్లూ పసికూనలూ ఎండకు మాడతాయి, కాకులకు దొరుకుతాయి. మీరు రాగానే పక్షులన్నీ మెడలు నిక్కించి మిమ్మల్నే చూస్తున్నాయంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. రెండడుగులు వెనక్కి వేసి, అవి మళ్లీ తమ పనిలో పడేదాకా కెమెరా దించి కూర్చోండి.

నౌపడ ఉప్పు మడుల్లో సాయంత్రం కాసేపే ఆగాను. గాలి లేని వేళ మడిలో ఆకాశం అద్దంలో ఉన్నట్టు పడుతుంది. గట్టు మీద పడుకుని, నీటిమట్టానికి లెన్సు దించితే మంచి ఫొటో వస్తుంది. గట్లు తొక్కి పాడుచేయకుండా, పనివాళ్లను అడిగి దిగండి.

మర్నాడు వేకువన కళింగపట్నం. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఈ కాలంలో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు, కానీ అసలు రంగులు అంతకు అరగంట ముందే. టార్చి తలకు కట్టుకుని చీకట్లోనే మొగ దగ్గరికి చేరాలి. తడి ఇసుకలో ట్రైపాడ్ మెల్లగా దిగబడుతూనే ఉంటుంది, షట్టర్ అర సెకను తెరిచి తీసిన ఫొటో కూడా కదిలి మసకబారుతుంది. కాళ్లను ముందే గట్టిగా ఇసుకలోకి నొక్కి, ఒకటి రెండు అలలు తగిలి కుదురుకున్నాకే తీయాలి. అల వచ్చేటప్పుడు కాదు, వెనక్కి జారేటప్పుడు అర సెకను పెట్టండి. ఇసుక మీద నురగ గీతలు గీతలుగా సాగుతుంది. ఎదురెండకు ఆకాశం తెల్లబోకుండా గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్, అంటే పైసగం ముదురుగా ఉండే గాజు, సాయపడుతుంది. అది లేకపోతే ఆకాశానికి ఒకటి, నేలకు ఒకటి తీసి తర్వాత కలుపుకోవచ్చు. ఏటి ప్రవాహం ఏటేటా ఇసుక దిబ్బలను మార్చేస్తుంటుంది కాబట్టి పాత ఫొటోల్లో చూసిన చోటు కోసం వెతకకండి. ముందురోజు సాయంత్రమే వెళ్లి జాలర్లను అడగండి, ఎక్కడ లోతో, ఎక్కడ నేల గట్టిదో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పదు.

ఉప్పుగాలి తగిలిన సామాను సంగతి అదే రోజు చూడాలి. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా, లెన్సు పైభాగం తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. లెన్సు గాజును మాత్రం ముందు గాలితో ఊది, ఇసుక రేణువులు పోయాకే గుడ్డ తగిలించాలి. ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే బిగుసుకుపోతాయి. ఏసీ గదిలోంచి నేరుగా తీరానికి వస్తే గాజు మీద ఆవిరి పడుతుంది, సంచి మూసే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

చలికాలం కుదరనివాళ్లకు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. అక్కడికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి, వాన వెలుగులోనే పిల్లలను పెంచుతాయి. అప్పుడు కెమెరాకు వానతొడుగు, రెండు తువ్వాళ్లు, 3200 దాకా ఐఎస్ఓ పెంచే ధైర్యం కావాలి.