మారు వడ్డన

నవంబర్ 11, 2025, మంగళవారం. ఓడెన్సె, డెన్మార్క్.

పొద్దున ఏడుంపావుకి సైకిల్ తీస్తుంటే ఇంకా మసక చీకటే. సన్నటి తుంపర. గొడుగు పట్టుకునే వాన కాదు, అలాగని తడవకుండా ఉండేదీ కాదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలుగుతున్నాయో లేదో ఇక్కడి నాన్న గుమ్మంలోంచి చూసి బొటనవేలు ఎత్తాడు. అంతే. జాగ్రత్త, నెమ్మదిగా వెళ్లు, చేరగానే ఫోన్ చెయ్యి లాంటివేమీ ఉండవు. తెనాలిలో వీధి చివర ట్యూషన్‌కి వెళ్లినా నాకు ఇన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్లు.

దారి పొడుగునా దీపస్తంభాలకి ఎన్నికల పోస్టర్లు. వచ్చే మంగళవారం, 18న, మునిసిపల్ ఎన్నికలు. మైకులు లేవు, ఆటోలు లేవు. తుంపరలో తడుస్తూ నవ్వుతున్న మొహాలు మాత్రం స్తంభానికి నాలుగేసి.

ఈ ఏడాది చదువుకి నేను ఉంటున్న ఇంటివాళ్లని ఇక్కడి అమ్మ, ఇక్కడి నాన్న అని ఈ డైరీలోనే రాసుకుంటున్నాను. ఎదురుగా ఏమనీ పిలవను. పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పారు. నలభై ఐదేళ్లావిణ్ణి పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు. ఆంటీ అంటే, నేను నీకు ఆంటీని కాదు కదా అని నిజంగానే అయోమయంగా అడిగింది. అందుకని ఏదైనా కావాలంటే ఆవిడ ముందుకి వెళ్లి నిలబడతాను. ఆవిడ తల ఎత్తి చూసినప్పుడు మాట్లాడతాను. ఆగస్టు నుంచీ ఇదే పద్ధతి. కాలేజీలో కూడా అంతే. దాన్ని జిమ్నాసియం అంటారు, కసరత్తులేమీ ఉండవు, మన ఇంటర్ లాంటిదే. అక్కడ లెక్కల మాస్టారిని పిల్లలు పేరు పెట్టి పిలుస్తుంటే, నేను ఇవాళ కూడా సార్ అనేశాను. క్లాసంతా నవ్వింది, ఆయన కూడా.

నేను హాయిగా పిలవగలిగింది ఒక్క మోర్‌మోర్‌నే. మోర్ అంటే అమ్మ. మోర్‌మోర్ అంటే అమ్మకి అమ్మ, అచ్చం మన అమ్మమ్మ. నాన్న తల్లి ఫార్‌మోర్. మేనత్త ఫాస్టర్, అమ్మ అక్కచెల్లెళ్లయితే మోస్టర్. ఇంగ్లిషు వాళ్లు అందర్నీ ఒకే గంపలో వేస్తే, వీళ్లు మనలాగే ఎటువైపు చుట్టమో లెక్క చూసుకుంటారు. బావామరదళ్ల వరస మాత్రం లేదు. మోర్‌మోర్‌కి అది వివరించబోయి సగంలో ఆపేశాను.

నిన్న ఆవిడ భోజనానికి వచ్చింది. నవంబర్ 10 మోర్టెన్స్‌ఆఫ్టెన్, అంటే మార్టిన్ సాయంత్రం. బిషప్ పదవి వద్దనుకుని మార్టిన్ అనే క్రైస్తవ సన్యాసి పెద్దబాతుల మధ్య దాక్కుంటే, అవి అరిచి పట్టించాయట. 1600 ఏళ్లు దాటినా ఆ కోపం తీరలేదు, ఏటా ఆ రోజు బాతునో పెద్దబాతునో తింటారు. నాకు బాతు కన్నా దాని పక్కన పెట్టే బంగాళాదుంపలు నచ్చాయి. చిన్న చిన్నవి ఉడికించి, పంచదార పాకం కట్టి వెన్న వేసి అందులో దొర్లిస్తారు. నాలుగు తిన్నాను. గిన్నె మళ్లీ నా దగ్గరికి వచ్చింది. 'నై తాక్' అన్నాను, వద్దండీ అని. గిన్నె ఇక్కడి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. అంతటితో అయిపోయింది. రాత్రి పడుకున్నాక కూడా ఆ బంగాళాదుంపలే కళ్లల్లో మెదిలాయి.

మధ్యాహ్నం డబ్బాలో రూబ్రోద్ మీద మిగిలిన బాతు ముక్కలు, పైన ఎర్ర క్యాబేజీ. రూబ్రోద్ అంటే రై పిండితో చేసే నల్ల రొట్టె. మొదటి వారం తడి ఇటుక తింటున్నట్టే ఉండేది. ఇప్పుడు పర్వాలేదు. అది తింటే నాలుగింటిదాకా ఆకలి వేయదు, అదొక్కటే దాని గొప్ప.

మంగళవారం నా వంట రోజు. ఇంట్లో అందరికీ వారానికొకటి ఉంటుంది, పదకొండేళ్ల తమ్ముడితో సహా. వాడిది గురువారం, ఎప్పుడూ పాస్టానే. పెద్దమ్మాయి ఈ ఏడాది ఎఫ్టర్‌స్కోలె అనే హాస్టల్ బడిలో ఉంది. ఆ పిల్ల గదే ఇప్పుడు నాది.

మూడున్నరకి ఇంటికి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ ఎనిమిది. పాలకూర పప్పు, బంగాళాదుంప వేపుడు చేస్తున్నానంటే సంబరపడిపోయింది. కందిపప్పు లేదు, సూపర్‌మార్కెట్‌లో దొరికే ఎర్ర పప్పు. పాలకూర ఐస్ గడ్డలా గట్టిపడ్డ ప్యాకెట్. చింతపండు మాత్రం మనదే.

"పప్పు ఎక్కువ వండు తల్లీ. ఒక్కసారి వడ్డించేసి కూర్చోకు. పాపం వాళ్లకి మొహమాటం ఉంటుంది, కొసరి కొసరి పెట్టు" అంది.

వెనకనుంచి పెదనాన్న గొంతు: "ఎంసెట్ పుస్తకాలు తీస్తోందా?" దాని పేరు మారి ఏళ్లయినా ఆయనకి అది ఎంసెట్టే. ఇంటర్ మధ్యలో ఏడాది వదిలేసి నేను ఇక్కడికి రావడం ఆయనకి ఇంకా మింగుడు పడలేదు. సిగ్నల్ పోయిందని చెప్పి పెట్టేశాను.

ఐదింటికల్లా బయట పూర్తిగా చీకటి. తిరగమోత వేసేటప్పుడు ఎండుమిర్చి ఘాటుకి తమ్ముడు దగ్గుకుంటూ వచ్చి, ఏమీ అనకుండా కిటికీ బార్లా తెరిచి వెళ్లాడు. ఈ ఇంట్లో మిర్చి ఉన్నా లేకపోయినా రోజూ ఒక పది నిమిషాలు కిటికీలన్నీ తెరుస్తారు, ఎంత చలైనా సరే.

ఆరింటికి భోజనం. ఆరంటే ఆరే. బల్ల మీద కొవ్వొత్తులు వెలిగించారు. నేను గరిటె పట్టుకుని నిలబడి అందరికీ వడ్డించాను. ఎవరూ తినడం మొదలుపెట్టరే! అన్నం చల్లారిపోతోందని నాకు టెన్షన్. చివరికి ఇక్కడి నాన్న నా కుర్చీ వెనక్కి లాగాడు. నేను కూర్చుంటేగానీ తినరన్నమాట. మా ఇంట్లో అమ్మ కూర్చునేసరికి మా చేతులు ఎండిపోయి ఉంటాయి.

కూర్చున్నాను గానీ అమ్మ మాట మర్చిపోలేదు. తమ్ముడి కంచం ఖాళీ అవగానే గరిటె ఎత్తాను. "నై తాక్" అన్నాడు. ఓహో, మొహమాటం అనుకుని గరిటెడు అన్నం, దాని మీద పప్పు వేసేశాను. వాడు కంచం వంక చూసి, వాళ్లమ్మ వంక చూసి, ఫోర్కు కింద పెట్టాడు. ఆ అన్నం అలాగే ఉండిపోయింది. లేచేటప్పుడు మాత్రం అందరిలాగే "తాక్ ఫొ మాద్" అన్నాడు. భోజనానికి థాంక్స్ అని, రోజూ, వండినవాళ్లకి. ఆ మాద్‌లో చివరి అక్షరం ద కాదు, ల కాదు, మధ్యలో ఎక్కడో నాలుకని వదిలేయాలి. దానికి బదులు "వెల్‌బెకొమ్మె" అనాలి. గిన్నెడు ఖర్చయినా అమ్మకి నేను ఒక్కసారీ థాంక్స్ చెప్పిన గుర్తు లేదు. చెబితే జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకుని చూస్తుంది.

డిష్‌వాషర్‌లో కంచాలు పెడుతుంటే ఇక్కడి అమ్మ అడిగింది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే.

"వాడు వద్దన్నాడు కదా. ఎందుకు పెట్టావు?"

మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదని చెప్పాను. రెండోదీ అంతంత మాత్రమే. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తారని, అలా పెట్టకపోతే వెళ్లి పదిమందికి చెప్పుకుంటారని, ఇంగ్లిషు, డేనిష్ కలిపి, చేతులూపుతూ చెప్పాను. ఆవిడ చేతిలో గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

"అయితే నిన్న బంగాళాదుంపలు?"

"ఇంకా తినాలనే ఉండింది" అన్నాను.

"ఆగస్టు నుంచీ?"

"ఆగస్టు నుంచీ."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత నవ్వింది గానీ, ముందు మాత్రం మొహం తెల్లబోయింది. ఇన్నాళ్లూ పిల్ల తక్కువ తింటుంది కాబోలనుకుని కొలత తగ్గించి వండుతోందట. అన్నం పారేయడం వీళ్లకి అస్సలు నచ్చదు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉంది మనకి. అది పుట్టింది మనూళ్లో కాదేమోనని నాకిప్పుడు అనుమానం. మా అమ్మ అడక్కుండానే పెడుతుంది, వద్దన్నా పెడుతుంది.

తమ్ముడికి సారీ చెప్పాను. దేనికి అన్నాడు. వాడు అప్పటికే మర్చిపోయాడు.

ఇప్పుడు పదిన్నర. ఇందాక ఆకలేసి కిందికి వెళ్లాను. ఫ్రిజ్ నీదే, ఏం కావాలంటే అది తీసుకోమని వచ్చిన రోజే చెప్పారు. నా అంతట నేను తలుపు తీయడం మాత్రం ఇదే మొదటిసారి. అన్నం లేదు. పప్పు గిన్నె పైఅరలోనే ఉంది. రూబ్రోద్ ముక్క ఒకటి కోసుకుని, పప్పు చల్లగానే దాని మీద వేసుకుని, చీకట్లో నిలబడి తిన్నాను. ఉప్పు బొత్తిగా తక్కువైంది. ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు.